అడ్డం పట్టిన చీర

నాకు డిటెక్టివ్ నవలలంటే మహా పిచ్చి. ఒక్క సంగతికే ఒళ్లు మండుతుంది. వాటిల్లో ఆడవాళ్లు శవాన్ని చూడగానే కెవ్వుమని పడిపోతారు. తర్వాత పోలీసులొచ్చి అంతా తేల్చేస్తారు. ఆ రాసినవాళ్లు మా వాడ ఆడవాళ్లను చూసి ఉండరు. మా పోలీసులనూ చూసి ఉండరు.

నిజాం కాలం మాట. హసన్‌పర్తి పక్కన మాది క్రైస్తవుల వాడ. ఎదురింటి మామ దొర దగ్గర జీతం ఉండేవాడు. దొర ఉండే గడిలో వెండి చెంబు పోయిందని ఒక పొద్దున ఆయన్ని ఠాణాకు పట్టుకుపోయారు. మూడోనాడు మధ్యాహ్నం ఇద్దరు జవాన్లు ఆయన శవాన్ని గోనెపట్టాల్లో చుట్టి, ఎడ్లబండి మీద తెచ్చి ఇంటి ముందు దించారు.

"కలరా అచ్చి సచ్చిండు. మూట ఇప్పొద్దని అమీన్ సాబ్ హుకుం. సీదా బొందలగడ్డకు తీస్కపోండ్రి" అన్నాడు పెద్ద జవాను.

బొందలగడ్డ అంటే మా శ్మశానం, అమీన్ అంటే ఠాణాకు పెద్ద. ఆయన మాటకు ఎదురుచెప్పే మగాడు మా వాడలో లేడు. మా నాన్నతో సహా అందరూ నేలచూపులు చూశారు. ఎదురింటి అత్త మాత్రం మూట పక్కన కూలబడి, "నడుసుకుంట పోయిన మనిషికి కలరా ఏడికెల్లి అచ్చింది?" అని అడుగుతూనే ఉంది.

అప్పుడు మా నాయనమ్మ లేచింది. ఆమె నోటికి పాస్టరయ్యగారే జడిసేవారు.

"కలరా పీనుగును ఉత్త చేతులతోని ఎట్ల ఎత్తుకచ్చిండ్రయ్యా? మీకు పానం తీపి లేదా?" అంది. పెద్ద జవాను తన చేతులు లాగుకు తుడుచుకున్నాడు. నాయనమ్మే మళ్లీ అందుకుంది: "తానం పొయ్యకుంట మా పీనుగ మన్నుల వడదు. మీరేం ఫికర్ జెయ్యకుండ్రి, జర గా చెట్టు కింద కూసోండ్రి."

శవానికి స్నానం వాకిట్లోనే పోస్తారు. చుట్టూ నలుగురు ఆడవాళ్లు చీర అడ్డం పట్టుకుంటారు. లోపల చూసింది బయట చెప్పరు. పోయినవాళ్ల ఒంటి గురించి మాట్లాడడం మాకు మహాపాపం. జవాన్లకూ ఈ సంగతి తెలుసనుకుంటాను, లేకపోతే అంత తేలిగ్గా చెట్టు కిందికి పోయేవారు కాదు.

చీర ఒక కొస నా చేతికిచ్చారు. పెళ్లికాని పిల్లకు ఇవ్వకూడదు, మనుషులు చాలక ఇచ్చారు. గోనె విప్పారు. వీపంతా లాఠీ వాతలు. మెడ చుట్టూ తాడు ఒరిసిన గుర్తు. అరికాళ్లు నల్లగా కమిలిపోయాయి. ఎవరూ కెవ్వుమనలేదు. అత్త గోరువెచ్చటి నీళ్లు మెల్లగా పోసింది, ఆయనకు ఇంకా నొప్పి పుడుతుందేమో అన్నట్టు. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

నాయనమ్మ ఆమె దగ్గరికి వంగింది. "బిడ్డా, గిట్లనే మన్నుల వెడితే గా కలరా మాటనే నిలుస్తది. అడ్డం తీసెయ్యాల్నా? నీ మొగని ఒళ్లు ఊరంత సూస్తది. నువ్వొద్దంటె ఒద్దు."

అత్త తన కొంగు చింపి భర్త నడుముకు చుట్టింది. మొహం తుడిచింది. తల దువ్వింది. అప్పుడు, "తియ్యుండ్రి. సూడనియ్యుండ్రి" అంది.

నలుగురం చీర వదిలేశాం.

"కప్పుండ్రి, కప్పుండ్రి" అంటూ జవాన్లు పరిగెత్తుకొచ్చారు. అప్పటికే వాడంతా చూసింది. నేలచూపులు చూసిన మగవాళ్లు తలెత్తారు. మా నాన్నే ముందుగా వెళ్లి బండి కాడి పట్టుకున్నాడు. అంతమందిని చూసి జవాన్లు పక్కకు తప్పుకున్నారు. శవం బొందలగడ్డకు పోలేదు. అదే బండి మీద, కప్పకుండా, హన్మకొండలో సుబేదారి దాకా, పెద్ద అధికార్ల కచేరీ ముందుకు పోయింది. బండి ముందు అత్త నడిచింది, పక్కన మా నాయనమ్మ.

న్యాయం జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. డాక్టరు చూసి కలరా కాదన్నాడు. అమీన్‌ను ఇంకో తాలూకాకు బదిలీ చేశారు, అంతే. అక్కడ ఎవరిని కొట్టాడో!

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి, ఇద్దరం బియ్యంలో రాళ్లేరుతుండగా, అత్తను అడిగాను, అంతమంది ముందు చీర తియ్యమనడానికి మనసెట్లా ఒప్పిందని.

ఆమె చేట కింద పెట్టలేదు.

"నేనొక్కదాన్నే సూసి ఉంటె దినాం నేనే సూసుకుంట ఉందును బిడ్డా. ఊరంత సూసింది గద. నాకు జర నిద్రవట్టింది."