పల్చటి ఆయిలు, చిక్కటి ఆయిలు

జగ్గయ్యపేట పాత ఆసుపత్రి వీధిలో రామచంద్రమూర్తి మాస్టారి కారు వస్తోందంటే ఎవరూ తల తిప్పి చూడక్కర్లేదు. వీధి మలుపులో ఉండగానే కుట్టుమిషను తొక్కినట్టు టకటక, టకటకమని చప్పుడు. తెల్లటి మారుతి, పెట్రోలు బండి, కొని ఇరవై ఆరేళ్ళు. మీటరు రెండు లక్షల నలభై వేల కిలోమీటర్ల దగ్గర ఒకనాడు ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత తిరిగిందో, లెక్కల మాస్టారై ఉండీ ఆయన లెక్క వేసుకోలేదు.

అందులో ముప్పాతిక నందిగామ దారే. పొద్దున్నే అక్కడి హైస్కూలుకి పోవడం, సాయంత్రం సిమెంటు లారీల మధ్య హైవే మీద తిరిగి రావడం. చప్పుడు వినపడగానే ఆయన భార్య ప్రసూనాంబ ఏ పనిలో ఉన్నా వదిలేసి చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. పొయ్యి మీద పాలున్నా సరే. ఎన్నిసార్లు పొంగాయో ఆ పాలు! పిల్లలు లేరు వాళ్ళకి. ఆ చెంబు ఎత్తి ఆయన గటగటా తాగడం, "ముందు కాళ్ళు కడుక్కోండి" అని ఆమె కసురుకోవడం, అదే వాళ్ళ కాపురం.

మాస్టారు రిటైరై తొమ్మిదేళ్ళయింది. ప్రసూనాంబకి మతి జారిపోవడం మొదలై మూడేళ్ళు. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత అయినవాళ్ళ పేర్లు పోయాయి. నిరుడు దసరా నాటికి, ఎదురుగా కూచుని ఇడ్లీ తుంచి నోట్లో పెడుతున్న మొగుణ్ణే "మీదేవూరండీ?" అని అడిగింది. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన ఎవరో పెద్దమనిషి, అంతే. కానీ ఆయన బజారుకెళ్ళి తిరిగొస్తూ కారు మలుపు తిరిగిందా, ఆమె దిగ్గున లేచేది. "మాస్టారొచ్చారు, మాస్టారొచ్చారు" అంటూ చెంబు పట్టుకుని గేటుకి వచ్చేది. ఒక్కోరోజు అందులో నీళ్ళుండేవి కావు. మాస్టారు ఖాళీ చెంబే ఎత్తి, గుటకలు వేసి, మూతి తుడుచుకుని ఇచ్చేవాడు. గేటు దగ్గర్నుంచి గడప దాటేదాకా ఆయన ఆమెకి మొగుడు. ఆ నాలుగడుగుల కోసం పొద్దున కూరలకొకసారి, సాయంత్రం పెరుగుకొకసారి కారు తీసేవాడు. ఆయన బయటికెళ్ళినప్పుడల్లా ఎదురింటి లూర్దమ్మ వచ్చి ఆమె దగ్గర కూచునేది.

వానలు వెనకబట్టిన రోజుల్లో, నందిగామలో మందులు కొనుక్కుని వస్తుంటే కారులో ఎర్రదీపం వెలిగింది. వెనక నీలంగా పొగ. మాస్టారు మెల్లగా నడుపుకుంటూ చిల్లకల్లు దగ్గర బుల్లిబాబు షెడ్డుకి చేర్చాడు. బుల్లిబాబు ఒకప్పుడు ఆయన దగ్గర లెక్కల్లో తప్పినవాడే. ఇంజను విషయంలో మాత్రం వాడి లెక్క తప్పదు.

"ఏం ఆయిలు పోయిస్తున్నారండీ ఇందులో?"

"ఐదు-ముప్పై నంబరు, పల్చటి రకం. మైలేజీ వస్తుందని కొట్టతను చెప్పాడు. ఇరవయ్యేళ్ళనుంచీ అదేగా."

"కొత్తల్లుడికి పెట్టే భోజనం తాతకి పెడితే అరుగుద్దా మాస్టారూ?" బుల్లిబాబు రెండు వేళ్ళ మధ్య ఆయిలు రాసి చూపించాడు. "ఇదిగో, చారులాగా ఎట్టా జారతందో చూడండి. అరిగిన ఇంజనండి ఇది. లోపల సందులు పడ్డయ్యి. పల్చటిది అక్కడ నిలబడదు, కాలి పొగైపోద్ది. ఇరవై-యాభై పోస్తా. ముద్దపప్పులాగా చిక్కగా పట్టుకుని ఉంటది. ఆ టకటక కూడా పోద్ది, సూడండి."

ఆ చివరి మాట మాస్టారి చెవిన పడింది గానీ మనసున పడలేదు. పాత ఆయిలు దింపి, ఫిల్టరు మార్చి, చిక్కటిది పోశాడు బుల్లిబాబు. స్టార్టు చేస్తే ఇంజను నడుస్తోందా లేదా అని మూత మీద చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది. మాస్టారు మురిసిపోయాడు. ఇక నెలనెలా ప్రసూనాంబని బెజవాడ డాక్టరు దగ్గరికి ఏ భయమూ లేకుండా తీసుకెళ్ళవచ్చుననుకున్నాడు.

మలుపు తిరిగాడు. గేటు ముందు ఆపాడు. ఎవరూ రాలేదు.

"ఎప్పుడొచ్చారు మాస్టారూ?" అంది లూర్దమ్మ బయటికొచ్చి. "కారుకి గొంతు పోయిందేంటండీ? నాకే ఇనపళ్ళా!"

వసారాలో ప్రసూనాంబ పమిట సర్దుకుని లేచి నిలబడింది, కొత్తవాళ్ళని చూసినట్టు. "మాస్టారు నందిగామ నుంచి ఇంకా రాలేదండి. కూచోండి, వచ్చేస్తారు."

మర్నాడు లూర్దమ్మ చెబితే హారను కొట్టి చూశాడు. ప్రసూనాంబ చెవులు మూసుకుని లోపలికి పోయింది. ఆ మరుసటిరోజు గేటు గట్టిగా చప్పుడు చేశాడు. "ఎవరండీ?" అంది లోపల్నుంచి. నాలుగోరోజు పొద్దున్నే మాస్టారు మళ్ళీ చిల్లకల్లులో ఉన్నాడు.

"పల్చటిదే పొయ్యి, బుల్లిబాబూ."

"మతుండే మాట్లాడతన్నారా! నాలుగ్రోజులు కాలా పోసి. ఇంజను పాడైపోద్దండీ."

మాస్టారు చెప్పాడు. చెంబు సంగతి, ఖాళీ చెంబు సంగతి కూడా. బుల్లిబాబు స్పానరు కింద పెట్టి, గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఏడాది కూడా రాదండి ఇట్టాగైతే," అన్నాడు చివరికి. "వారం వారం పుల్ల తీసి ఆయిలు చూసుకోండి. దూరం పోబాకండి. కీసర దాటారో, నడిరోడ్డు మీద ఆగిపోతారు."

కీసర దాటకపోతే బెజవాడ లేదు. "బస్సుంది కదరా," అన్నాడు మాస్టారు.

ఆ సాయంత్రం టకటకమని మలుపు తిరిగేసరికి చెంబు గేటు దగ్గరికి వచ్చింది. నీళ్ళతో వచ్చింది. మాస్టారు తాగలేక, ఆపలేక, చొక్కా అంతా తడుపుకున్నాడు. "ముందు కాళ్ళు కడుక్కోండి" అంది ప్రసూనాంబ.

కార్తీకమంతా చెంబు వచ్చింది. బెజవాడ బస్సు మాత్రం కలిసి రాలేదు. నందిగామ బస్టాండులో ఆగగానే "మా మాస్టారి స్కూలు ఇక్కడే" అని ఆమె దిగిపోయింది. జనంలో వెతికి పట్టుకునేసరికి ఆ బస్సు కాస్తా వెళ్ళిపోయింది. ఆ నెల డాక్టరుకి చూపించనే లేదు.

మార్గశిరంలో ఒక సాయంత్రం కారు టకటకలాడుతూ వచ్చి గేటు ముందు ఆగింది. చెంబు రాలేదు. మాస్టారు ఇంజను ఆపకుండా అలాగే కూచున్నాడు.

"ప్రసూనమ్మగారూ, మాస్టారొచ్చారండీ!" అని లూర్దమ్మ లోపల అనడం వినిపించింది.

"ఎవరో మిషను మీద బట్టలు కుట్టుకుంటున్నారమ్మా," అంది ప్రసూనాంబ.

మూడురోజులు చూశాడు. రోజూ మూడేసిసార్లు, పెరుగున్నా పెరుగుకి, ఏమీ లేకపోతే ఊరికే వీధి చివరిదాకా పోయి వచ్చాడు. నాలుగోరోజు చిల్లకల్లు వెళ్ళాడు.

"చిక్కటిది పొయ్యి. బెజవాడ పోవాలి," అన్నాడు.

బుల్లిబాబు కారు కిందికి దూరి నట్టు విప్పాడు. పల్చటి ఆయిలు డబ్బాలోకి సన్నగా ధార కట్టింది. అది చుక్కలు చుక్కలై పూర్తిగా ఆగేదాకా మాస్టారు అక్కడే గొంతుక్కూచుని చూశాడు.

ఇంటికి వచ్చిన సంగతి వీధిలో ఎవరికీ తెలియలేదు. మాస్టారు వంటింట్లోకి పోయి చెంబు కడిగి, నీళ్ళు నింపి, వసారాలో ఉన్న ప్రసూనాంబకి తెచ్చి ఇచ్చాడు. ఆమె రెండు చేతులా పట్టుకుని తాగింది.

"మంచివారండీ మీరు," అంది. "కూచోండి. మాస్టారొచ్చే వేళైంది."

"కూచుంటానండి," అని, మాస్టారు పక్కనే కుర్చీ లాక్కుని వీధి మలుపు వైపు చూస్తూ కూచున్నాడు.