సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం లేదు. ఉన్నా దాని మొహం ఎవరూ చూసేవాళ్లు కాదేమో. గోదావరిఖనిలో మాకు సైరనే గడియారం. అది మోగితే మా బాపు డ్యూటీకి బయలుదేరేవాడు. మళ్లీ మోగితే అమ్మ ఆయన స్నానానికి నీళ్లు కాచేది. ఇంకోసారి మోగితే నన్నూ తమ్ముణ్ణీ ఇక పడుకోమని కసిరేది. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలో మూడు షిఫ్టులైతే, బయట మా తిండికీ నిద్రకూ కూడా అవే మూడు షిఫ్టులు.

వేళ కాని వేళలో మోగిందంటే మాత్రం లోపల ఏదో జరిగిందని అర్థం. అప్పుడు వాడలోని ఆడవాళ్లంతా చేతిలో ఏముంటే అది అక్కడే పడేసి బాయి వైపు పరుగెత్తేవాళ్లు. చెప్పులుండవు, తలుపులు వేయడముండదు. ఆ షిఫ్టులో తన మనిషి లేని ఇల్లాలు మాత్రం వాడలోనే ఉండి, ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు ఆర్పేది, చంటిపిల్లల్ని చంకన వేసుకునేది. ఎవరో పెట్టిన నియమం కాదది. ఇవాళ ఆమె, రేపు ఇంకొకామె, అంతే.

బాయి గేటు దగ్గర కావలివాళ్లు కర్రలు అడ్డం పెట్టి, వెనక్కి పొమ్మని అరిచేవాళ్లు. ఆ అరుపులు వినకూడదు, సందు చూసుకుని ముందుకే దూరాలి. అమ్మ కొంగు పట్టుకుని రెండుసార్లు అలా దూరాను కాబట్టి ఆ విద్య నాకు బాగానే అబ్బింది. రెండుసార్లూ మా బాపు నల్లటి మొహంతో, తెల్లటి పళ్లతో నవ్వుతూ పైకొచ్చాడు. సైరన్ మోగితే దాని వైపే పరుగెత్తాలని, ఆపేవాళ్ల మాట వినకూడదని, తొమ్మిదేళ్లకే నా ఒంటికి పట్టేసింది.

ఆ ఏడు దసరా సెలవులకు మా మేనత్త ఊరికి వెళ్లాం. రెండు బస్సులు మారితే వచ్చే చిన్న ఊరు. చుట్టూ గుట్టలు, టేకు చెట్లు, ఊరి అంచున ప్రాజెక్టు. అంత నీరు ఒక్కచోట చూడడం నాకదే మొదలు. అవతలి ఒడ్డు కనపడితే గదా! తీగ మీద ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి కూడా తెల్లగానే ఉండడం చూసి మా తమ్ముడు అది ఎవరో మళ్లీ ఉతికారనుకున్నాడు. మా బాపుకు సెలవు దొరకలేదు. మూడో రోజు మొదటి షిఫ్టు చేసుకుని, మర్నాడు తన వారపు సెలవు కాబట్టి, సాయంత్రం బస్సుకు వస్తానన్నాడు.

అత్తయ్య మమ్మల్ని తిండితోనే చంపేసింది. పొద్దున్నే మక్క గటక, మధ్యాహ్నం చింతపండు పులుసులో ఉడికిన ప్రాజెక్టు చేపలు, సందు దొరికితే బెల్లం కలిపిన అటుకులు. అంత సుఖంలోనూ మా అమ్మ మొహం విప్పారలేదు. ఇక్కడ సైరన్ వినపడక నిద్రే పట్టడం లేదని రెండు పొద్దులూ అత్తయ్యతో అంది. మా ఆడబిడ్డ ఊరు మంచిదే గానీ మరీ చప్పుడు లేదు అని ఆమె ఫిర్యాదు. చప్పుడు లేకపోవడం కూడా ఒక బాధేనా అని నేను నవ్వాను.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ, అత్తయ్య కలిసి బాపు కోసం సర్వపిండి చేయడం మొదలుపెట్టారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి, గిన్నెకు ఒత్తి సన్నటి సెగ మీద కాల్చేది అది. మా బాపుకు అదుంటే ఇంకేమీ అక్కర్లేదు. కాళ్లకు అడ్డం పడుతున్నామని మమ్మల్ని బయటికి తరిమారు. నేను తమ్ముణ్ణి తీసుకుని ప్రాజెక్టు కిందికి వెళ్లాను. గేట్లన్నీ మూసి ఉన్నాయి. కింద వాగంతా బండలు, బండల మధ్య మోకాలి లోతు నీటి మడుగులు, వాటిలో గవ్వలు, వేలంత చేపపిల్లలు.

ఒడ్డు మీద ఒక అవ్వ గుడిసె ముందు చేపలు ఎండబెట్టి అమ్మేది. అంతకు ముందు రోజే మాకు పరిచయం. మమ్మల్ని బొగ్గు పిల్లలని పిలిచి, చెవుల వెనక మసి ఉందేమో చూస్తానని ఆటపట్టించింది. ఆ రోజు కూడా ఉప్పూ కారం పట్టించి వేయించిన పరిగె చేపలు మోదుగాకులో పెట్టి ఇచ్చింది. మీ బాపు రాలేదేమని అడిగితే, డ్యూటీలో ఉన్నాడని, ఇప్పుడు బాయిలోనే ఉంటాడని, పొద్దుగూకే బస్సుకు వస్తాడని గొప్పగా చెప్పాను. ఆ మాట ఎంత పనికొస్తుందో అప్పుడు నాకేం తెలుసు!

తిని చేతులు దులుపుకుని వాగులోకి దిగాం. తమ్ముడు గవ్వలన్నీ ఏరి ఒక బండ మీద వరసగా పేరుస్తున్నాడు. నడినెత్తిన ఎండ, ఆకాశంలో మబ్బు తునక లేదు. అప్పుడు మోగింది సైరన్.

మా ఊరి సైరన్‌కూ దానికీ నాకు తేడా తెలియలేదు. షిఫ్టు మారే వేళ కాదు. బాపు బాయిలో ఉన్నాడు. బాయి రెండు బస్సుల దూరంలో ఉందన్న సంగతి నా బుర్రలోకి రానేలేదు, సైరన్ ఎక్కడ మోగితే బాయి అక్కడే ఉంటుంది కదా! తమ్ముడి చెయ్యి పట్టుకుని బండలు దాటుకుంటూ ఆ కూత వస్తున్న వైపే, అంటే గేట్ల వైపే పరుగెత్తాను. పైన అడవుల్లో వాన పడి ప్రాజెక్టు నిండితే, గేట్లు ఎత్తబోయే ముందు కింది వాళ్లను హెచ్చరించడానికి అది మోగిస్తారని మాకెవరూ చెప్పలేదు. అక్కడ అందరికీ తెలిసిన సంగతి అది. అందరికీ తెలిసింది ఒకరికి చెప్పాలని ఎవరికీ తోచదు. మా ఊరికి చుట్టాలొస్తే మేమూ చెప్పేవాళ్లం కాదు.

ఒడ్డు మీద జనం చేతులూపుతూ అరుస్తున్నారు. "ఒడ్డెక్కుండ్రి! ఎన్కకు రాండ్రి! నీళ్లొస్తున్నయ్!" అన్నీ వినపడుతూనే ఉన్నాయి. కానీ గేటు దగ్గర కావలివాళ్లు కూడా ఇలాగే అరుస్తారు గదా, వినకూడదు గదా! వాళ్లు అరిచినకొద్దీ నేను ఇంకా గట్టిగా పరుగెత్తాను. తమ్ముడి మోకాలు చీరుకుపోయి వాడు ఏడుస్తున్నా ఈడ్చుకుపోయాను.

అప్పుడు అన్ని గొంతుల మధ్య నుంచి అవ్వ గొంతు వినపడింది. ఆమె ఎన్కకు రమ్మనలేదు, నీళ్ల మాట ఎత్తలేదు.

"ఓ పిల్లా! మీ బాపు ఈడున్నడు! బాయిల నుంచి ఎక్కొచ్చిండు! నిన్నే అడుగుతుండు, ఇటు రా!"

ఆగిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ గుడిసె వైపు చెయ్యి చాపి చూపిస్తోంది. ఇక తమ్ముణ్ణి ఎత్తుకున్నానో ఈడ్చానో తెలియదు, పక్కకు తిరిగి ఒడ్డు ఎక్కేశాను. ఎవరో మగమనిషి దిగొచ్చి చివరి రెండు బారలూ మమ్మల్ని పైకి లాగాడు. పెద్ద లారీ ఏదో మీదికొస్తున్నట్టు చప్పుడైంది. చూస్తుండగానే ఎర్రటి నీళ్లు వచ్చి తమ్ముడు గవ్వలు పేర్చిన బండను మింగేశాయి.

నేను నీళ్లను చూడలేదు. గుడిసెలోకి పరుగెత్తాను. లోపల ఒక కుంపటి, రెండు గంపలు, ఒక మంచం. బాపు లేడు. గుడిసె వెనక కూడా లేడు. "మా బాపు ఏడి?" అని అవ్వ మీద పడ్డాను. ఆమె నా భుజం పట్టుకుంది. అబద్ధం చెప్పావని అరుస్తూ ఆమె ముంజేతిని కొరికాను. చిన్నపిల్ల కొరుకుడు కాదది, పళ్లు దిగాయి. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఇంతలో ఊరి వైపు నుంచి మా అమ్మ వచ్చింది. పరుగు. కాళ్లకు చెప్పుల్లేవు, మోచేతుల దాకా బియ్యప్పిండి. మేము ఎదురుగా నిలబడి ఉన్నా ఆమె కళ్లకు ఆనలేదు. కనపడిన వాళ్లనల్లా పట్టుకుని అడుగుతోంది: "ఏ బాయన్నా? ఏ బాయిల అయింది? ఎవలకేమైంది?" ఆ ఊళ్లో ఆ ప్రశ్నకు జవాబు ఎవరిస్తారు? ఒకతను కిసుక్కున నవ్వాడు కూడా.

అవ్వ అతని వైపు తిరిగి, "పండ్లు మూస్కో. ఆమె పానం ఏడున్నదో నీకేమెరుక?" అంది. తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పింది, "ఇది ప్రాజెక్టు సైరన్ బిడ్డా. గేట్లు ఎత్తిండ్రు, గంతే. ఈడ బాయిలు లేవు." అమ్మ ఆ బురదలోనే కూలబడి, అప్పుడు మమ్మల్ని చూసింది. చూసి, ముందు నా వీపు మీద రెండు వేసి, తర్వాత ఇద్దరినీ పిండి చేతులతోనే కావలించుకుంది.

భయం అక్కడితో తీరిపోవాలి నిజానికి. తీరలేదు. ఒకసారి లేచిన గుండె దిగదు. అక్కడ కూడా మోగిందేమో, మనకు వినపడలేదేమో అని అమ్మ మొదలుపెట్టింది. ఫోను చేసి కనుక్కునే రోజులా అవి? అత్తయ్య ఎంత చెప్పినా వినకుండా అమ్మ మమ్మల్ని తీసుకుని బస్సులాగే చోటికి వెళ్లి కూర్చుంది. కాసేపటికి అవ్వ వచ్చింది, నెత్తిన చేపల గంపతో, ముంజేతికి కట్టిన పాత గుడ్డతో. సంతకు పోయే వేళ దాటిపోతోందని ఎవరో అంటే, గంప కింద పెట్టి మా పక్కనే చతికిలబడింది.

"పిల్లకు మాటిచ్చిన. వాళ్ల బాపును చూపెట్టెదాంక నేనేడికి పోత?"

నేను ఆమె వైపు చూడలేదు. కోపం ఇంకా ఉంది, కొరికినందుకు సిగ్గు కూడా మొదలైంది. రెండూ కలిస్తే పిల్లలు ఎలా ఉంటారో మీకు తెలుసు. మూతి ముడుచుకుని, మట్టిలో పుల్లతో గీతలు గీస్తూ కూర్చున్నాను. బాపు వస్తానన్న బస్సు వచ్చింది. అందరూ దిగారు, బాపు దిగలేదు. అమ్మ బస్సెక్కి సీట్ల మధ్య చూసొచ్చింది. తమ్ముడు ఆకలి అన్నాడు, ఎవరూ వినిపించుకోలేదు. అవ్వ గంపలోని చేపల మీద ఈగలు తోలుతూ ఉండిపోయింది.

దీపాలు పెట్టే వేళకు ఆఖరి బస్సు వచ్చింది. మా బాపు అందరికంటే వెనక దిగాడు, కళ్ల అంచుల్లో ఇంకా నల్లటి గీతలతో, చంకలో మాకు తెచ్చిన మిఠాయి పొట్లంతో. తర్వాతి షిఫ్టులో తన బదులు దిగాల్సిన మనిషి ఆలస్యంగా వచ్చాడట, బస్సు తప్పిపోయిందట. అంతే సంగతి! మేమంతా ఎందుకు అలా కొయ్యబారిపోయి చూస్తున్నామో ఆయనకు అర్థం కాలేదు.

నేను లేవకముందే అవ్వ లేచింది. ముక్కూ మొహం తెలియని మా బాపు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా చేతిలో పెట్టింది. "ఇగో, మీ బాపు. ఈడున్నడంటి గదనే" అంది. గంప నెత్తికెత్తుకుని ఆ మసక చీకట్లోనే వెళ్లిపోయింది.

ఇంటికొస్తే సర్వపిండి గిన్నెకు అతుక్కుని బొగ్గయిపోయి ఉంది. మా వాడలో అయితే ఎవరో ఒకరు పొయ్యి ఆర్పేవాళ్లు. ఇక్కడ అత్తయ్య కూడా అమ్మ వెంటే పరుగెత్తింది, పాపం. బాపు జరిగిందంతా విని, ఆ మాడిన ముక్కనే గీకి గీకి తిన్నాడు, తలెత్తకుండా. బాగుందని కూడా అన్నాడు. అమ్మ పరుగు గురించి ఆయన అంతకు ముందు వినడమే గానీ, బాయి లోపల ఉండేవాడు కాబట్టి ఎన్నడూ ఆలోచించలేదేమో అనిపిస్తుంది.

అవ్వ సంగతి అత్తయ్య చెప్పింది. ఆమెకొక కొడుకుండేవాడట. వాగు అవతల దూడ ఉండిపోయిందని వాడు దిగినప్పుడు సైరన్ మోగింది. ఒడ్డు మీద నుంచి అవ్వ నీళ్లొస్తున్నయని గొంతు చించుకుని అరిచింది, వాడు వినలేదు. దూడ ఇటొచ్చిందిరా అని ఒక్క మాట అంటే తిరిగొస్తుండె అని, ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాటే అనుకుంటుందట. మర్నాడు పొద్దున్నే నేను గుడిసెకు పరుగెత్తి, ఆమె ముంజేతి మీద గుడ్డ నిమిరాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు. బొగ్గు పిల్లల పండ్లు గట్టివేనని అవ్వ నవ్వింది.

భయపడిన మనిషికి ప్రమాదం ఎటుందో చెబితే చెవికెక్కదని, తాను వెతుకుతున్నది ఎటుందో చెబితేనే ఆగుతాడని చాలా ఏళ్లు నేనీ కథను చెప్పుకున్నాను. అందులో తప్పేమీ లేదు. కానీ పెద్దయ్యాక ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఆఖరి బస్సులో కూడా బాపు రాకపోయి ఉంటే? ఒకసారి అమ్మనే అడిగాను, అప్పుడు అవ్వ ఏం చేసేదే అని. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా, "కూసునేది. ఇంకేం జేస్తది?" అంది.

అప్పటి నుంచి ఎవరికైనా 'ఏం కాదు' అనే ముందు, వాళ్ల పక్కన కూర్చునే ఓపిక నాకుందా అని చూసుకుంటాను. లేకపోతే ఆ మాట అనను. దీనివల్ల నన్ను మొండి మనిషి అన్నవాళ్లు కూడా ఉన్నారు.

పోయిన ఏడు మా తమ్ముణ్ణి దవాఖానలో చేర్చారు. ఆ రోజు వాగులో నేను ఈడ్చుకుపోయిన తమ్ముణ్ణే. లోపలికి తీసుకుపోయి తలుపు వేశాక, మరదలు నా చెయ్యి పట్టుకుని, "ఏమైతదక్కా?" అని అడిగింది. లోపల ఏం జరుగుతోందో నాకు మాత్రం ఏం తెలుసు? ఏం కాదమ్మా అన్నాను. అని, చెప్పులు విడిచి, ఆమె పక్కన కూర్చున్నాను.