బెల్‌ఫాస్ట్ వాదనలో మా నాన్న

నన్ను జడ్జిగా కూర్చోబెట్టిన వాళ్ల ధైర్యానికి ఇప్పటికీ దండం పెడతాను. మేము అరిజోనాలో, చాండ్లర్‌లో ఉండే రోజులు, 2010 దాటింది. మావాడు హైస్కూల్ డిబేట్ టీమ్‌లో చేరాక ఒక రూలు తెలిసింది. పోటీకి పిల్లల్ని పంపే ప్రతి స్కూలూ తల్లిదండ్రుల్లోంచి కొందరిని జడ్జిలుగా ఇవ్వాలట. జడ్జి మధ్యలో మాట్లాడకూడదు. తనకు తెలిసింది కలపకుండా, ఆ గదిలో విన్నదాన్ని బట్టే తీర్పు చెప్పాలి. నాకా, నోరు ఊరుకోదు! "అమ్మా, ప్లీజ్, ఫేస్‌లో కూడా ఏం చూపించకు" అని మావాడు కార్లో బతిమాలాడు. తీరా వాడు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి కెఫెటేరియాలో పిజ్జా తింటూ కూర్చున్నాడు. నాకు సెమీఫైనల్ పడింది.

అంశం ఏమిటంటే, బ్రిటన్ పాలన పోవాలని తుపాకీ పట్టిన ఐరిష్ రిపబ్లికన్లను అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం వాడిన పద్ధతులే ఉత్తర ఐర్లండ్‌లో శాంతి తెచ్చాయా, లేదా అని. ఎవరిది ఏ వైపో ప్రతి రౌండ్‌కీ బొమ్మా బొరుసూ వేసి తేలుస్తారు. "తెచ్చాయి" అనే వైపు ఒక తెలుగమ్మాయికి పడింది. వేరే స్కూలు పిల్ల, పన్నెండో తరగతి. ఫైనల్ గెలిస్తేనే స్టేట్ పోటీలకు వెళ్తుంది. వచ్చే ఏడు కాలేజీ కాబట్టి తనకు ఇదే ఆఖరి అవకాశం.

అబ్బ, ఏం మాట్లాడిందండీ! విచారణ లేకుండా జనాన్ని జైళ్లలో తోయడం తప్పేనని తనే ముందు ఒప్పేసుకుంది. తర్వాత అసలు దెబ్బ కొట్టింది. ఆ రిపబ్లికన్ల సంస్థ నిండా పోలీసులకు ఉప్పందించే ఇన్‌ఫార్మర్లు చేరిపోయారనీ, ఏం తలపెట్టినా ముందే తెలిసిపోయేదనీ, తుపాకీతో ఇక పని జరగదని అర్థమయ్యాకే వాళ్లు చర్చలకు వచ్చారనీ చెప్పింది. ఎదుటి అబ్బాయి ఆ ఇన్‌ఫార్మర్ల మాటే ఎత్తలేదు. జవాబు నా నాలుక చివర ఉంది. పెన్ను మూత కొరికి పారేశాను. అయినా ఆ పిల్లకే వోటేశాను. న్యాయంగా గెలిచింది మరి.

రౌండ్ అయ్యాక జడ్జి తన అభిప్రాయం చెప్పవచ్చు. ఇక ఆగుతానా! ఇద్దరినీ నిలబెట్టి చెప్పాను. మాది కరీంనగర్ దగ్గర ఒక ఊరు. నా చిన్నప్పుడు నక్సలైట్ల కోసం పోలీసులు ఊరిని చుట్టుముట్టి, మగవాళ్లందరినీ బడి ముందు వరసగా నిలబెట్టారు. మొహానికి గుడ్డ కట్టుకున్న ఒకడు జీపులో కూర్చుని ఒక్కొక్కరినే చూస్తూ, కొందరి దగ్గర తల ఊపాడు. మా నాన్న దగ్గరా ఊపాడు. నాన్న అదే బళ్లో పంతులు. పట్టుకెళ్లి పదకొండు రోజులకు వదిలారు. ఆ తర్వాత ఆయనకు ఎడమ చెవి వినపడలేదు.

ఆ పిల్లకు మాత్రం తెలుగులోకి దిగిపోయి చెప్పాను. "ఆ తలూపినోడు ఎవడో మాకు ఇప్పటికీ తెల్వదు బిడ్డా. ఊర్లె అందరి మీద అనుమానమే. పక్కింటోళ్లతోని మాటలు బందయినయి. దాన్నే నువ్వు శాంతి అంటున్నవ్."

ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసుకుంది. "ఆంటీ, ఫైనల్‌లో నాకు అదర్ సైడ్ వస్తే, ఇది యూజ్ చేయొచ్చా?"

"వాడుకో తల్లీ!"

నిజంగానే అటువైపే పడింది! నేను వెనక వరసలో, మావాడి పక్కన కూర్చున్నాను. ముందు ముగ్గురు జడ్జిలు. ఆ పిల్ల ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వీధుల సంగతి ఎత్తుకుంది. ఇన్‌ఫార్మర్లన్న అనుమానంతో సొంతవాళ్లే చంపిన మనుషులు, పోలీసులు ఏమేం ముందే తెలిసీ ఊరుకున్నారో చెప్పమని ఇప్పటికీ అడుగుతున్న కుటుంబాలు. ఆ వెంటనే మా ఊరి బడి, జీపు, ఆ తలూపడం. నాకు ఒళ్లంతా పులకరించింది.

ఎదుటివాడు లేచి, "ఈ ఇండియా కథకు సోర్స్ ఏది?" అన్నాడు.

నేను దిగ్గున లేచాను. మావాడు చెయ్యి పట్టి లాగాడు. "అమ్మా, నువ్వు మాట్లాడితే తనని డిస్క్వాలిఫై చేస్తారు!" పళ్లు బిగపట్టి కూర్చున్నాను.

"ఆయన కూతురు ఈ గదిలోనే ఉంది" అంది ఆ పిల్ల ఇంగ్లీషులో. "మాట్లాడటానికి ఆమెకు పర్మిషన్ లేదు."

ఇద్దరు జడ్జిలు ఆ పిల్లకు వ్యతిరేకంగా వోటేశారు. కథకు ఆధారం చూపలేదని ఇద్దరూ రాశారు. పరుగున కారిడార్‌లోకి వెళ్లాను. "నా నోటి దూల వల్ల నీ చాన్స్ పోయింది బిడ్డా" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఆ పిల్లా ఏడుస్తోంది. మోచేత్తో మొహం తుడుచుకుని, నేల మీదే చతికిలబడి లాప్‌టాప్ తెరిచింది.

"మా జూనియర్స్‌కి ఈ టాపిక్ ఇంకా వన్ మంత్ ఉంది ఆంటీ. సోర్స్ కావాలి అన్నారు కదా. ఊరు, ఇయర్, మీ నాన్న ఫుల్ నేమ్ చెప్పండి. టైప్ చేస్తాను."

ఆ సంగతిలో నాన్న పేరు మేము బయట ఎక్కడా ఎత్తం. ఎవరు వింటారో, ఎక్కడ చేరేస్తారో తెలియదు. ఆ అరిజోనా స్కూల్లో కూడా నేను అటూ ఇటూ చూశాను, ఎవరైనా ఉన్నారేమోనని. చూసినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుని, ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను.