యాదగిరి కోళ్లకు వేసిన చుక్కలు

ఒక బరువును ఏళ్లుగా మోస్తున్నాను. కోళ్ల సంగతే కదా అని నాకు నేను నచ్చజెప్పుకుంటాను. మరి పొద్దున్నే పెరట్లో పుంజు కూయగానే మొదట అదే ఎందుకు గుర్తొస్తుంది? మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కర్మన్‌ఘాట్ దగ్గర మా కాలనీలో ముగ్గురం కోళ్లు పెంచేవాళ్లం. యాదగిరిది ఈ ఊరే. పొలమంతా ప్లాట్లయినా ఇల్లూ, దొడ్డీ ఉంచుకున్నాడు. సత్యం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు. నేను సర్కారు కొలువు నుంచి రిటైరయ్యాను. పొద్దున చాయ్ యాదగిరి దొడ్డిలోనే. ఎవరి కోడి పొదుగుకు వచ్చినా మిగతా ఇద్దరి గుడ్లూ దాని కింద చేరేవి. పిల్లలు ఎవరివో తేలక రోజూ తగువే, రోజూ నవ్వులే.

తెగులు రాకుండా కోళ్ల కంట్లో చుక్కల మందు వేసే పని నాది. ఆ మందును ఐసులో పెట్టి తేవాలి. చల్లదనం పోతే అది మందు కాదు, ఉత్త నీళ్లు. ఈ మాట వాళ్లిద్దరికీ వంద సార్లు చెప్పి ఉంటాను. చెప్పడం నాకు ఇష్టం. బహుశా తప్పంతా అక్కడే మొదలైంది.

ఆ ఎండాకాలం సత్యం కోళ్లకు ముందే వేశాను, నావి యాదగిరి కోళ్లతో కలిపి వేద్దామని ఆగాను. అప్పుడు యాదగిరి అత్తగారి ఊళ్లో ఉన్నాడు. అతను తిరిగొచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో సీసా కొని, ఐసు వేసిన థర్మాస్‌లో పెట్టుకుని బయలుదేరాను. పండ్ల మార్కెట్ అప్పటికింకా గడ్డిఅన్నారంలోనే ఉంది. మామిడిపండ్లు చూద్దామని ఆగాను. థర్మాస్ స్కూటర్ మీదే ఎండలో ఉండిపోయింది. దాని మూత సరిగా పడలేదు. యాదగిరి ఇంటికి వెళ్లి తీసి చూస్తే లోపల గోరువెచ్చని నీళ్లున్నాయి.

అతను నాకోసం కోళ్లన్నిటినీ పట్టి గంపల కింద కమ్మి ఉంచాడు. "రా సార్, నీ పేషెంట్లు లైన్ల ఉన్నరు" అన్నాడు. రేపు వేద్దామంటే ఏమయ్యేది? కాస్త నవ్వేవాడు. వంద సార్లు చెప్పినాయన ఒక్క సారి మరిచాడని సత్యంతో అనేవాడు. అంతే. ఆ కాస్త నవ్వుకు భయపడి, ఒక్కో కోడి తల పట్టుకుని, కంట్లో చుక్క వేస్తూ పోయాను.

మర్నాడు మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి కొత్త సీసా తెచ్చాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. నా కోళ్లకు వేసుకున్నాను. యాదగిరి కోళ్లన్నిటికీ సరిపడా మందు ఇంకా మిగిలింది. మోరీలో పారబోశాను. రోజూ డైరీ రాసే అలవాటున్నవాణ్ణి, ఆ రాత్రి ఎండ గురించి రాసి పడుకున్నాను.

కొన్నాళ్లకు సత్యం తన మంచి పుంజును యాదగిరికి కానుకగా ఇచ్చాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే యాదగిరి కోళ్లకు తెగులు తగిలింది. పచ్చగా రెట్టలు పారాయి, మెడలు తిరిగిపోయాయి, ఒకదాని వెంట ఒకటి పోయాయి. పుంజు మాత్రం బతికింది. అది బతకడమే దాని నేరమైంది. ఎందుకు బతికిందో నాకు తెలుసు. దాని కంట్లో మంచి మందు వేసింది నేనే.

"ఏం తెచ్చినవయ్యా నా దొడ్డిలకు? పుంజునా, సావునా?" అన్నాడు యాదగిరి.

"అదేం మాటండీ యాదగిరిగారూ! ఇన్నాళ్లూ మా ఇంట్లోనే తిరిగిందిగా. మా కోళ్లకేం కాలేదే?" అన్నాడు సత్యం.

"మీ కోళ్లకేమైతది? కలెక్టర్ బిడ్డలాయె! నావే గరీబు కోళ్లు, సచ్చినయ్. మందు తప్పంటవా? సార్ చెయ్యి తప్పు చెయ్యది. ఏం సార్, జర నువ్వు చెప్పు."

ఇద్దరూ నావైపు చూశారు.

"కొత్త పుంజును కొన్నాళ్లు విడిగా ఉంచాల్సింది" అన్నాను.

అది నిజమే. ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. అంత నిజమైన మాటతో అంత పెద్ద అబద్ధం ఆడవచ్చని అంతవరకు నాకు తెలియదు. సత్యం పుంజును చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. కొద్ది నెలల్లో కోళ్లన్నీ తీసేశాడు. కూతురి పెళ్లికి పిలిస్తే యాదగిరి వెళ్లలేదు. నేను వెళ్లాను, భోజనం కూడా చేశాను.

తెగులు పుంజే తెచ్చిందేమో అని ఇప్పటికీ వెతుక్కుంటాను. తెచ్చిందే అనుకుందాం. మందు పనిచేసి ఉంటే? పారబోసింది వేసి ఉంటే?

మొన్న యాదగిరి వచ్చాడు. "ఎన్నేండ్లుంటం సార్? తప్పైందని ఆయన ఒక్క మాటంటే చాలు, నేనే పోయి అలుముకుంట. జర నువ్వు చెప్పు" అన్నాడు. వెళ్లాను. నేను నోరు తెరవకముందే సత్యం తల వంచుకుని, "నా పుంజే తెచ్చి ఉంటుందండీ. ఆదివారం మీరూ రండి, యాదగిరిగారి దగ్గర ఆ మాట అనేస్తాను" అన్నాడు. ఇన్నేళ్లకు తనే నమ్మేశాడు.

నేను సరేనన్నాను. సరే అని వచ్చేశాను.

రేపే ఆదివారం. వాళ్ల మధ్య కూర్చుని ఏం చేస్తాను? నాకు తెలియదు. చెబితే ఇద్దరూ నన్ను వదిలేస్తారు. చెప్పకపోతే చెయ్యని తప్పుకు సత్యం క్షమాపణ అడుగుతుంటే నేను వింటూ చాయ్ తాగాలి. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీకు లేదు. ఒక్క వాక్యం మాత్రం ఎక్కడో ఒకచోట నేను పూర్తిగా రాయాలి. మందు చెడిపోయిందని నాకు తెలుసు. తెలిసే వేశాను.