ఐదోవాడి చేతిలో కత్తి

వంకాయలు తరగమంటే వేలు కోసుకునే మనిషిని మ్యూజియంలో అందరూ కత్తుల మాస్టారు అనేవారు. ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఒక్కటే. ఆగ్నేయాసియా దీవుల నుంచి వచ్చిన పాత ఫొటోలను భూతద్దం కింద పెట్టి, అందులో మనుషుల చేతుల్లో ఉన్న కత్తులేమిటో తేల్చడం. మెలికలు తిరిగి ఉంటే క్రిస్. కొసకు పోయేకొద్దీ వెడల్పయితే క్లెవాంగ్. అడవిలో కొమ్మలు నరికే బరువైనది పరాంగ్. అసలు కత్తి ముట్టుకోవాలంటే మాత్రం ఆయనకు వణుకు. ఫొటోలో కత్తి ఎవరినీ కోయదు కదా అని ఆ ఉద్యోగంలో చేరాడు.

ఆ గురువారం ఉదయం ఒక చెక్కపెట్టెలో గాజు నెగెటివ్ వచ్చింది. ఐదుగురు తోట కాపలాదారులు వరసగా నిలబడ్డ ఫొటో. దాని కాగితం ప్రింటు ఆయనకు కొట్టినపిండి. అందులో ఐదుగురికీ కత్తి ఒర కుడి నడుముకే ఉంటుంది. కుడిచేత్తో దూసేవాడు ఒరను ఎడమవైపు కట్టుకుంటాడని తెలిసి కూడా, కొత్త ఉద్యోగం ఉత్సాహంలో ‘కుడివైపు కట్టుకోవడం ఆ తోట ఆచారం’ అని కేటలాగులో రాసి పారేశాడు మహానుభావుడు. ఇప్పుడు గాజుపలకను సరైన వైపు తిప్పి దీపం మీద పెడితే ఒరలన్నీ ఎడమ నడుముకే ఉన్నాయి. ఆచారమూ లేదు, గీచారమూ లేదు. అప్పట్లో ఎవరో పలకను తిరగేసి ప్రింటు కొట్టారు, అంతే.

గొడవ కేటలాగుతో పోలేదు. ఆ ఫొటో వెనక, ఫొటో తీసిన రోజే రాసిన తోట చిట్టాలోంచి ఎక్కించిన ఐదు పేర్లున్నాయి, ఎడమ నుంచి వరసగా. ఐదోది అత్తగారి తండ్రి పేరు. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే తోట పనికని దీవులకు వెళ్ళి, అక్కడే పోయిన మనిషి. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళయిన కొత్తలో ఈయనే ఎడమ నుంచి లెక్కపెట్టి, చిరునవ్వు నవ్వుతున్న ఐదోవాణ్ణి చూపించి “మీ నాన్నగారు” అని ఫొటో నకలు చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ ముఖాన్ని పెద్దది చేయించి గోడకు పెట్టుకుంది. రోజూ పొద్దున్నే దానితో మాట్లాడుతుంది. పలక తిప్పితే ఆ ఐదోవాడు మొదటివాడయ్యాడు, మొదటివాడు ఐదోవాడయ్యాడు. సోమవారం ప్రదర్శనలో సరైన ప్రింటు పేర్లతో సహా గోడెక్కుతుంది. చూపించడానికి తీసుకెళ్తానని ఆవిడకు మాట కూడా ఇచ్చేశాడు. ఆవిడకు ఎనభై రెండేళ్ళు, గుండె అంతంతమాత్రం.

“ఏమైందండీ, ముఖంలో నెత్తురుచుక్క లేదు” అంది భార్య, సాయంత్రం ఇంటికొచ్చిన ఆయన్ని చూసి. చెప్పాడు.

“అమ్మకేమన్నా అయితే?”

“అదే నా భయం. సోమవారం నలుగురి మధ్యా తెలిస్తే ఇంకా భయం.”

ఆదివారం సాయంత్రం కొత్త ప్రింటు పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళి, తడబడుతూనే అంతా చెప్పేశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దూసిన క్లెవాంగ్ పట్టుకుని ఉరిమి చూస్తున్న ఐదోవాడి మీద వేలు పెట్టింది.

“ఈయనా?”

“అవునండీ.”

“నువ్విచ్చిన ఫొటోలో ఆ చివరుండేవాడు. ఆ చూపంటే నాకు జడుపు. కత్తెరతో కోసి పారేశాను బాబూ.”

ఆవిడ చెయ్యి గుండె మీదికి పోయింది. మాస్టారు మాత్రల డబ్బా అందుకున్నాడు. ఆవిడ వద్దని తల ఊపింది.

“ఎందుకలా చూస్తున్నాడు?”

ఆయన అలవాటు కొద్దీ జేబులోంచి భూతద్దం తీసి వంగాడు. ముప్పై ఏళ్ళుగా కత్తినే చూశాడు గానీ పట్టుకున్న చేతిని చూడలేదు. వేళ్ళు పిడిని పిసికేస్తున్నాయి. పదును తన వైపుకే తిరిగి ఉంది.

“అది కోపం కాదు అత్తయ్యగారూ. కత్తి పట్టడం ఆయనకి తెలీదు. భయపడుతున్నారు. నేనైనా ఇలాగే పట్టుకుంటాను.”

ఆవిడ భూతద్దం తీసుకుని చాలాసేపు చూసింది.

“భయపడుతున్నావని తెలీలేదు నాన్నా” అంది ఫొటోతో. “తెలిస్తే కోసేదాన్ని కాదు.”