నల్ల పేజీల పుస్తకం

2023వ సంవత్సరం. తిరుపతి బస్టాండు దగ్గర నా కొట్టు. ముందువైపు స్కూలు నోటుబుక్కులు, పెన్నులు; లోపలి గోడంతా ఇంగ్లీషు సూపర్‌హీరో కామిక్సు. చెన్నైకీ బెంగళూరుకీ మధ్య ఈ పుస్తకాల గురించి నా అంత తెలిసినవాడు లేడని పేరు. పదివేల పుస్తకాలు చదివాను. ఏది కొనాలో అడగడానికి శ్రీహరికోట నుంచి రాకెట్ల సైంటిస్టులు కూడా నా దగ్గరికే వచ్చేవారు.

పదివేలు అబద్ధం. మహా అయితే నాలుగు అరలు. ఆ పేరు కూడా నాకు నేను పెట్టుకున్నదే. శ్రీహరికోట నుంచి వచ్చింది ఒక్కడు, అక్కడ వంట చేసేవాడు. వాడికి కావలసింది బిల్లు పుస్తకంలోకి కార్బన్ పేపరు.

మా వ్యాపారంలో అమ్మడం కంటే చెప్పడమే పెద్ద పని. కొత్త పుస్తకాలు దిగే రోజును రిలీజ్ డే అంటాం. నా కొట్టుకు అది శనివారం. అభిమానులు వచ్చి గోడకు ఆనుకొని, "ఈ వారం ఏది బాగుంది?" అని అడుగుతారు. ఇక్కడొక చిక్కుంది. కొన్ని సీల్డ్ కాపీలు, అంటే ప్లాస్టిక్ కవరులో అతికించి వచ్చేవి. కవరు చింపితే దాచుకునేవాళ్ళు ఆ పుస్తకం ముట్టరు. అందుకని నేను అట్ట చూసి, వెనక రాసిన నాలుగు మాటలు చూసి, చదివినవాడిలాగే చెప్పేవాడిని. చాలాసార్లు సరిపోయేది.

ఖాదర్ బాషా పలమనేరులో టైలరు. నాకంటే కాస్త చిన్న. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు ఈ పుస్తకాలతోనే వచ్చాయి. శనివారం మిషను మీద గుడ్డ కప్పేసి బస్సెక్కి వచ్చేవాడు. వచ్చీ రాగానే బొమ్మలోని హీరో బట్టల మీద తగవు పెట్టేవాడు. "బొత్తాల్లేవు, జిప్పు లేదు. ఈ అంగీలోకి యాడ నుంచి దూరినాడన్నా వీడు?" అని.

ఆ ఏడు వానల్లో ఒక శనివారం ఆయన భార్య నూర్జహాన్ చెయ్యి పట్టుకొని వచ్చాడు. అంతకు ముందెప్పుడూ ఆమెను వెంట తెచ్చేవాడు కాడు.

"షుగరు కంట్లోకి దిగిందన్నా," అన్నాడు. "ఎడమది పోయినట్టే. కుడిదాంట్లో నెత్తురు కారతా ఉండాదంట. సోమవారం ఆపరేషను. నిలిస్తే నిలిచినట్టు, లేకుంటే లేదన్నాడు డాక్టరు."

కూర్చోమని స్టూలు జరిపాను. ఆయనే మళ్ళీ అన్నాడు: "రేపొక్క దినం ఉండాది గదా. ఒక్క పుస్తకం చెప్పు. రెండోది చదివే ఓపిక ఈ కంటికి లేదు."

బల్ల మీద రెండున్నాయి. ఒకటి ముందు వారం వచ్చిన పలచటి పుస్తకం. శక్తులన్నీ పోయిన ముసలి హీరో ఒకడు సముద్రం ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ బతకడం. అది నిజంగానే చదివాను, కళ్ళు తుడుచుకున్నాను కూడా. రెండోది ఆ ఉదయమే దిగిన లావుపాటిది, కొత్త కథకు మొదటి భాగం, సీల్డ్ కాపీ. ఖాదర్ రావడానికి కాసేపటి ముందే కాలేజీ అమ్మాయిలిద్దరు దాని గురించి అడిగితే, "చదివేశాను. చివరి పేజీకి ఒళ్ళు జలదరిస్తుంది," అని కోతలు కోశాను. వాళ్ళింకా అక్కడే ఉన్నారు.

ఖాదర్ ఆ లావుపాటిదాన్ని తడిమి, "దీన్ని చదివినావా?" అన్నాడు.

"చదివినానబ్బా. ఒకటికి రెండుసార్లు."

"ఎట్లుండాది?"

"నీ కంటికి పండగే."

నవ్వుతూ చంకన పెట్టుకొని వెళ్ళాడు. ఆ అమ్మాయిల ముందు నా మాట నిలిచింది. పలచటి పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది.

ఆపరేషను తర్వాత నూర్జహాన్ ఫోను చేసింది. కట్టు విప్పారట. వెలుతురుకూ చీకటికీ తేడా తప్ప ఏమీ తెలియడం లేదట. ఫోను పెట్టేసి, ఆ లావుపాటిదాంట్లోనే మిగిలిన ఇంకో కాపీ కవరు చింపి కూర్చున్నాను. కథంతా రాత్రి పూట. పేజీ పేజీకీ నల్లరంగు, అందులో ఆవగింజల్లాంటి తెల్ల అక్షరాలు. నా మంచి కళ్ళకే దీపం దగ్గరికి జరపాల్సి వచ్చింది. చివరి పేజీలో ఏ ఒళ్ళూ జలదరించదు. ఒక తలుపు తెరుచుకుంటుంది, 'తరువాయి వచ్చే భాగంలో' అని ఉంటుంది.

పలమనేరు వెళ్ళాను. ఆయన కుట్టు మిషను పక్కనే స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"ఆ పుస్తకం నువ్వు చదవలేదు గదన్నా?"

ఏదో ఒకటి అతికిద్దామని నోరు తెరిచాను. ఆయనే అన్నాడు: "చదివినోడు ఈ కండ్లకు ఆ నల్ల పేజీలు ఇయ్యడు. ఆదివారం పొద్దుగూకులూ భూతద్దం పెట్టుకొని చూసినా. సగం కూడా కాలా. తప్పు నా కంటిదేమో అనుకుంటి."

తిట్టి ఉంటే బాగుండేది. "చదవలేదు బాషా," అన్నాను. అంత చిన్న మాట. ఆ శనివారమే ఆ మాట అని ఉంటే ఒక మనిషి ఆఖరి చూపు సముద్రం ఒడ్డున గడిచేది.

సంచిలోంచి పలచటి పుస్తకం తీశాను. చదివి వినిపిస్తానన్నాను.

"అక్షరాలు చదువుతావు సరే, బొమ్మల్నేం జేస్తావబ్బా?"

"చెప్తా."

మొదలుపెట్టాను. ముసలి హీరో వల విప్పుతున్నాడు, ఆకాశం ఎర్రగా ఉంది, పడవలు. ఆయన ముఖంలో కాస్త వెలుగు కనబడేసరికి నా పాత నోరు ఊరుకోలేదు. పడవల పైన కొంగల గుంపొకటి ఎగరేశాను.

ఖాదర్ చెయ్యెత్తాడు. "నూర్జహాన్, ఈడికి రా. కొంగలుండాయా సూడు."

ఆమె వచ్చి నా భుజం పక్కనుంచి పేజీలోకి వంగింది. నా వైపు చూడలేదు.

"లేవు," అంది.

అప్పటినుంచి నా కొట్టులో ఎవరు ఏ పుస్తకం అడిగినా, చదవకపోతే చదవలేదనే చెబుతున్నాను. అమ్మకం తగ్గింది, తగ్గనీ. ఈ వృత్తిలో మేమమ్మేది ముందుగా చూసిన కళ్ళని. నావి ఉత్తవని ఖాదర్‌కు తెలిశాక ఆయనను మళ్ళీ నమ్మించడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ నెలకోసారి పలమనేరు వెళ్ళి చదువుతాను. నేనొక బొమ్మ చెప్పగానే ఖాదర్ తల కొంచెం పక్కకు తిప్పి ఆగుతాడు. నూర్జహాన్ వంగి చూసి "ఉండాది" అన్నాకే, పేజీ తిప్పమంటాడు.