ఖాళీ చాపల ఆదివారం

పెన్‌పహాడ్ దగ్గరి ఓ పల్లెకు నేను పాస్టరుగా వచ్చిన మొదటి వానాకాలం అది. వరి నాట్లు మొదలయ్యాక ఆరాధనకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఆదివారం ఒక్కరూ రాలేదు. ఖాళీ చాపల ముందే మైకులో బైబిలు వాక్యం చెప్పి ముగించాను. కానీ దుఃఖం ఆగలేదు. అక్కడే మోకరించి, "ప్రభువా, నా మాట ఎవ్వరూ వింటలేరు. కోదాడ పోయి ఏదన్న దుకాణంల పని చేసుకుంట. నన్ను వదిలెయ్" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

లేచి చూస్తే మైకు ఆన్‌లోనే ఉంది! మందిరం మీది హారన్ స్పీకరు నా ఏడుపంతా ఊరికి వినిపించేసింది. సిగ్గుతో తలుపు వేసుకోబోతుంటే మా సంఘస్థురాలు ముత్తమ్మ, నాట్లేసే ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని బురద కాళ్లతోనే వచ్చేసింది.

"ఎవ్వరు ఇంటలేరని మీకెవరు చెప్పిన్రు అయ్యగారూ? నాటేసుకుంట మీ వాక్యమే ఇంటున్నం. జర సౌండు పెంచున్రి, చివరి మడికి ఇనబడ్తలేదు" అంది.

నా కోసం ప్రార్థన చేసి వాళ్లు మళ్లీ పొలానికి వెళ్లారు. ఆ సాయంత్రమే హారన్‌ను చివరి మడి వైపు తిప్పాను. కోదాడ పోలేదు. చాపలు ఖాళీగా ఉన్నాయని దిగులుపడే తోటి సేవకులకు ఈ సంగతే చెబుతుంటాను. ఏడ్చే ముందు మైకు చూసుకోమని కూడా!